బావి చెప్పిన మాట: సముద్రంలో డ్రిల్లింగ్ భద్రత, చమురు తెట్టుకు సన్నద్ధత

సభకు నమస్కారం.

2010 ఏప్రిల్ 20, సాయంత్రం. అమెరికాలో లూసియానా తీరానికి దూరంగా, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు మీద ఒక ప్రెజర్ గేజి చదరపు అంగుళానికి 1,400 పౌండ్లు, అంటే 1,400 పీఎస్‌ఐ చూపిస్తోంది. చూపించాల్సింది సున్నా. అక్కడున్న వాళ్లంతా ఏళ్ల తరబడి ఈ పనిలో పండినవాళ్లే. చాలాసేపు తర్కించుకున్నారు. డ్రిల్ పైపులో 1,400 ఉంటే ఉండనీ, అదే బావిలోకి పక్కనుంచి వెళ్లే మరో గొట్టం, కిల్ లైనులో సున్నాయే ఉంది కదా, పరీక్ష నెగ్గినట్టే అని తేల్చారు. రాత్రి 9 గంటల 49 నిమిషాలకు మొదటి పేలుడు. 11 మంది ప్రాణాలు పోయాయి. రెండు రోజులకు రిగ్గు మునిగింది. బావి నోరు మూయడానికి 87 రోజులు పట్టింది.

సముద్రంలో డ్రిల్లింగ్ భద్రత మీద నిబంధనలు ఎలా రాయాలన్న ప్రశ్నకు సగం జవాబు ఆ గేజి దగ్గరే దొరుకుతుంది. అందుకే కాసేపు అక్కడే నిలబడదాం.

బావి తవ్వేటప్పుడు గొట్టంలోంచి పంపే మడ్‌ను మామూలు బురద అనుకోకూడదు. కింది పొరల్లో గ్యాసూ చమురూ పైకి తన్నుకు రాకుండా తొక్కిపట్టే బరువు అది. ఆ బరువు కోసం కలిపే ముగ్గురాయి, అదే బెరైటీస్, మన మంగంపేట గనుల నుంచి ఎన్నో దేశాలకు వెళ్తుంది. ఆ రిగ్గు తవ్విన బావి పేరు మెకాండో. అందులో ఆ మడ్ గ్యాలనుకు సుమారు 14 పౌండ్ల బరువుంది. సముద్రపు నీరు గ్యాలనుకు 8.6 పౌండ్లు. బావి తవ్వడం పూర్తయింది, రిగ్గు వెళ్లిపోవాలి కాబట్టి పై భాగంలో మడ్ తీసి నీరు నింపాలి. 8,367 అడుగుల లోతు దాకా అలా మార్చాలని నిర్ణయించారు. లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. బరువులో తేడా 5.4, దాన్ని కొలతలు పీఎస్‌ఐలోకి మార్చే 0.052తో, ఆపైన అడుగుల్లో లోతుతో గుణిస్తే సుమారు 2,350 పీఎస్‌ఐ వస్తుంది. బావి నెత్తి మీదినుంచి అంత భారం తీసేస్తున్నారన్న మాట. ఆ తర్వాత గ్యాసును ఆపాల్సింది అడుగున పోసిన సిమెంటు ఒక్కటే.

సిమెంటు నిలబడిందో లేదో తెలుసుకోవడానికి చేసేదే నెగటివ్ ప్రెజర్ టెస్ట్. పై భారం కావాలనే తగ్గిస్తారు, ఉన్న ప్రెజర్‌ను సున్నాకు దించుతారు, వాల్వు మూసి కాచుకు కూర్చుంటారు. ప్రెజర్ మళ్లీ పెరగకపోతే, వాల్వు తెరిచినప్పుడు చుక్క కూడా రాకపోతే సిమెంటు బాగున్నట్టు. పెరిగితే బావి లోపలికి ఏదో వస్తున్నట్టు. ఆ రోజు ప్రెజర్ దించిన ప్రతిసారీ మళ్లీ పెరిగింది.

మరి కిల్ లైనులో సున్నా ఎందుకు చూపించింది? ఇల్లు కట్టేచోట తాపీమేస్త్రీ మట్టం చూసుకునే నీళ్ల గొట్టం గుర్తు తెచ్చుకోండి. రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తులో నిలవాలి. నిలవకపోతే ఆయన గోడ వంకర అనడు, గొట్టంలో గాలి బుడగో చెత్తో చేరిందంటాడు, దులిపి మళ్లీ పట్టి చూస్తాడు. డ్రిల్ పైపు, కిల్ లైను కూడా ఒకే బావికి రెండు కొసలు. ఒకటి 1,400, ఇంకొకటి సున్నా చూపిస్తే మధ్యలో ఏదో అడ్డుపడిందనే అర్థం. మడ్, నీరు కలిసిపోకుండా అంతకుముందు బావిలోకి పంపిన చిక్కటి స్పేసర్ ద్రవం కిల్ లైనులో పూడుకుపోయి ఉండవచ్చని తర్వాతి దర్యాప్తులు చెప్పాయి. అప్పటికి మాత్రం డ్రిల్ పైపులోని ఆ 1,400కు ‘బ్లాడర్ ఎఫెక్ట్’ అని ఒక పేరు దొరికింది. పేరు దొరకడంతో మనసులు కుదుటపడ్డాయి.

ఆ రిగ్గు మీది మనుషుల్ని తిట్టి వదిలేయడం తేలిక. నేను ఆ పని చేయను. ఎందుకంటే అప్పటి అమెరికా ఫెడరల్ నిబంధనల్లో నెగటివ్ టెస్ట్ తప్పనిసరి అన్న మాటే లేదు. ఎలా చేయాలో లేదు. ఎంతసేపు ఆగాలో, ఏ గేజి ఎంత చూపిస్తే నెగ్గినట్టో ఎక్కడా రాసి లేదు. నెగ్గడమంటే ఏమిటో పరీక్షకు ముందే రాసిపెట్టుకోకపోతే, పరీక్ష అయ్యాక ప్రతి అంకెకూ ఏదో ఒక వివరణ దొరుకుతుంది. పని ఆలస్యమవుతున్నప్పుడు, రోజుకు లక్షల డాలర్ల అద్దె పడుతున్నప్పుడు ఆ వివరణ మరీ త్వరగా దొరుకుతుంది.

ఆ తర్వాత నిబంధన మారింది. నెగటివ్ టెస్ట్ ఎలా చేస్తారో, నెగ్గిందని దేన్ని బట్టి అంటారో డ్రిల్లింగ్ అనుమతి కోసం పెట్టే దరఖాస్తులోనే రాయాలి. ప్రెజర్ పెరిగినా, ద్రవం వచ్చినా పరీక్ష తప్పినట్టే. ఆ సంగతి నియంత్రణ సంస్థకు చెప్పి, సరిచేసి, మళ్లీ పరీక్షించాలి. నా దృష్టిలో 2010 తర్వాత వచ్చిన వందల పేజీల మార్పుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ఇక బ్లోఅవుట్ ప్రివెంటర్, అందరూ బీఓపీ అనేది. సముద్రం అడుగున బావి నోటి మీద కూర్చునే, వందల టన్నుల బరువుండే వాల్వుల దొంతర అది. అన్నీ తప్పాక చివరి దిక్కు బ్లైండ్ షియర్ ర్యామ్, అంటే పైపును కోసి బావిని మూసే కత్తెర. మెకాండోలో ఆ కత్తెర పడ్డా పని జరగలేదు. లోపలి ప్రెజర్‌కు డ్రిల్ పైపు వంగి ఒక పక్కకు ఒరిగిపోయింది, అంచున పడ్డ పైపును కత్తెర పూర్తిగా కోయలేకపోయింది. కత్తెరకు ఆదేశమిచ్చే కంట్రోల్ పాడ్‌లు రెండింటిలోనూ లోపాలున్నాయి. ఒకదాంట్లో బ్యాటరీ నీరసించింది, రెండోదాంట్లో కరెంటుతో వాల్వును కదిలించే ఒక సొలెనాయిడ్ వైరింగు తిరగబడి ఉంది. రిగ్గు డెక్కు మీద మామూలుగా పరీక్షిస్తే బయటపడే లోపాలు కావు ఇవి. కరెంటూ హైడ్రాలిక్ లైనూ రెండూ తెగిపోయాయనుకుని, ఆ పరిస్థితిలో ఒక్కొక్క పాడ్‌నూ విడిగా పరీక్షించినప్పుడే తెలుస్తాయి. అమెరికా 2016లో తెచ్చిన వెల్ కంట్రోల్ రూల్ రెండు షియర్ ర్యామ్‌లు ఉండాలని, కోసేటప్పుడు పైపును నడిమధ్యకు తెచ్చే ఏర్పాటు ఉండాలని పట్టుబట్టింది అందుకే. 2019లో ఆ రూల్‌లో కొన్ని అంశాలు సడలించారు, 2023లో కొన్ని మళ్లీ బిగించారు. గుర్తున్నంతకాలమే నిబంధన గట్టిగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతుంది.

తనిఖీ చేసేదెవరన్నది ఇంకో సంగతి. అప్పట్లో అమెరికాలో మినరల్స్ మేనేజ్‌మెంట్ సర్వీస్ అనే ఒకే సంస్థ బ్లాకులు లీజుకిచ్చేది, రాయల్టీ వసూలు చేసేది, భద్రతా చూసేది. ప్రమాదం తర్వాత దాన్ని మూడు ముక్కలు చేసి భద్రతను వేరే సంస్థకు అప్పగించారు. బ్రిటన్ ఈ పాఠం అంతకుముందే నేర్చుకుంది. 1988 జులై 6న పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫాం కాలిపోయి 167 మంది చనిపోయాక, లార్డ్ కల్లెన్ విచారణ 106 సిఫారసులు చేసింది. భద్రత బాధ్యతను ఇంధన శాఖ నుంచి తప్పించారు. ప్రమాదాలేమిటో, వాటిని ఎలా అదుపులో ఉంచుతామో నడిపేవాళ్లే రుజువులతో రాసి ఆమోదం తెచ్చుకునే ‘సేఫ్టీ కేసు’ పద్ధతి వచ్చింది.

మన దేశంలో 2005 జులై 27న బాంబే హై నార్త్‌లో ఒక సహాయక నౌక ప్లాట్‌ఫాం రైజర్‌ను, అంటే సముద్రం అడుగు నుంచి పైకి వచ్చే గొట్టాన్ని గుద్దుకుని మంటలు లేచాయి. 22 మంది పోయారు. 2008లో సముద్ర కార్యకలాపాల భద్రతా నిబంధనలు వచ్చాయి, వాటి అమలు 1986లో ఏర్పడిన ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్ చేతికి వెళ్లింది. అక్కడ పనిచేసే ఇంజినీర్ల సామర్థ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఉత్పత్తి పెంచాల్సిన పెట్రోలియం మంత్రిత్వ శాఖ కిందే ఆ సంస్థా ఉంది. ఇది మారాలి. బావిని ఆపమని చెప్పే అధికారి, ఉత్పత్తి లక్ష్యాలకు జవాబు చెప్పుకోవాల్సిన ఇంట్లో ఉండకూడదు.

ఇది మనకు దూరపు గొడవ కాదు. 1995 జనవరి 8న పాసర్లపూడిలో నేల మీది బావే బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. ఇప్పుడు కాకినాడ తీరం నుంచి 30, 35 కిలోమీటర్ల దూరంలో, లోతు నీళ్లలో కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో చమురు తీయడం మొదలైంది. అది గ్యాసు కాదు, చమురు. గ్యాసయితే గాలిలో కలుస్తుంది, చమురు ఒడ్డుకొస్తుంది. ఆ ఒడ్డున ఉన్నది కోరంగి మడ అడవి.

మడ చెట్లు బురదలోంచి పైకి లేచిన వేళ్లతో గాలి పీల్చుకుంటాయి. ఆ వేళ్ల మీది సన్నటి రంధ్రాలను చమురు కప్పేస్తే చెట్టుకు ఊపిరాడదు. కడిగి బాగుచేద్దామని మనుషులు లోపలికి దిగితే, కాలు పడ్డ ప్రతిచోటా నూనె బురద అడుగుకు వెళ్తుంది. గాలి తగలని ఆ బురదలో అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. కాబట్టి మడ అడవిని కాపాడుకోవడమంటే చమురు పాయల్లోకి రాకుండా ముందే ఆపడం. వచ్చాక చేయగలిగింది చాలా తక్కువ.

ఆపడానికి వాడేది బూమ్, నీటి మీద తేలే అడ్డుకట్ట. దాని మీద మనవాళ్లకు నమ్మకం ఎక్కువ, అవగాహన తక్కువ. ప్రవాహానికి అడ్డంగా కట్టిన బూమ్ కింద నుంచి 0.7 నాట్ల, అంటే గంటకు సుమారు 1.3 కిలోమీటర్ల వేగం దాటితే చమురు జారిపోతుంది. పాయ మొగల్లో పోటు, పాటు సమయాల్లో నీటి వేగం అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. అందుకే అడ్డంగా కాకుండా ఏటవాలుగా కట్టి, చమురును నిదానంగా ఉండే ఒక ఒడ్డు వైపు మళ్లించి, అక్కడ నీటి మీది చమురును లాగే యంత్రం, స్కిమ్మరుతో తోడాలి. దీనికి ప్రతి పాయ దగ్గరా లంగరు గుంజలు ముందే పాతి ఉండాలి, బూమ్ పొడవు కొలిచి ఉండాలి, ఏ ఒడ్డుకు మళ్లించాలో తేలి ఉండాలి. చమురు కనిపించాక కొలత తీయడం మొదలుపెడితే ఒక పోటు గడిచిపోతుంది.

కాగితం మీది ప్లానులు ఎంత మోసం చేయగలవో కూడా మెకాండోయే చూపించింది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో కోసం ఆ బావిని నడిపిన చమురు కంపెనీ బీపీ ఇచ్చిన స్పిల్ ప్లానులో, ఆ నీళ్లలో ఉండని వాల్రస్‌ల పేరుంది. సంప్రదించాల్సిన నిపుణుల జాబితాలో 2005లోనే చనిపోయిన శాస్త్రవేత్త ఉన్నారు. రోజుకు 4,91,721 బ్యారెళ్లు తోడగలమని అందులో రాశారు. నిజంగా జరిగిందేమిటి? ప్రభుత్వ అంచనా ప్రకారం బావి నుంచి బయటపడ్డ సుమారు 49 లక్షల బ్యారెళ్లలో స్కిమ్మర్లు తోడింది 3 శాతం. తగలబెట్టింది 5 శాతం. ఆ ప్లానుకు ఆమోద ముద్ర పడింది, అంకెను ఎవరూ నీటి మీద పరీక్షించలేదు.

చమురు నీటి మీద ఉన్నకొద్దీ తయారయ్యే చిక్కటి నురగను ప్లాను రాసేవాళ్లు తరచూ మరిచిపోతారు. అలలకు చిలికినట్టయి నీటిని పీల్చుకుని, పడ్డదానికి మూడు నాలుగు రెట్లవుతుంది. దాన్ని మామూలు స్కిమ్మర్లు తోడలేవు, మామూలు పంపులు లాగలేవు. 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరు వద్ద రెండు నౌకలు ఢీకొన్నప్పుడు పడ్డది భారీ స్పిల్ ఏమీ కాదు, అయినా సక్షన్ యంత్రాలు ఆ చిక్కదనానికి మొరాయించాయి. చివరికి మనుషులు బకెట్లతో ఎత్తారు. అందుకని తోడే సామర్థ్యం ఎంత అని అడిగేటప్పుడు, ఎంత చిక్కదనం దాకా తోడుతుంది, తోడింది ఎక్కడ నిల్వ పెడతారు అని కూడా అడగాలి. నిల్వ ట్యాంకులు లేక ఆగిపోయే స్కిమ్మర్లూ ఉంటాయి.

జాతీయ ప్రణాళిక ప్రకారం 700 టన్నుల దాకా మొదటి స్థాయి, అంటే రేవో ఆపరేటరో తన సొంత సామానుతో తట్టుకోవాలి. అది దాటితే కోస్ట్ గార్డ్ ముందుకొస్తుంది. కాలుష్య నియంత్రణ నౌక సముద్ర పహరేదార్ విశాఖలో ఉంది. బావి నోరే తెరుచుకుంటే దాని మీద దించాల్సిన క్యాపింగ్ స్టాక్ సంగతి వేరు. పరిశ్రమ ఉమ్మడిగా ఉంచుకున్న వాటిలో మనకు దగ్గరిది సింగపూరులో ఉంది. దాన్ని ఓడకెక్కించి, తెచ్చి, ఇక్కడి బావి నోటి కనెక్టరుకు సరిపోతుందని చూసుకుని దించేసరికి రోజులు కాదు, వారాలు పట్టవచ్చు. సరిపోతుందో లేదో చూసుకోవడం మాత్రం ఇవాళే చేయొచ్చు. ఏ బావికి ఏ కనెక్టరో, దించడానికి ఏ ఓడ దొరుకుతుందో అనుమతి కాగితాల్లోనే ఉండాలి.

మత్స్యకారుల్ని ప్లానులో ఎక్కడ పెట్టారో కూడా చూడండి. నష్టపరిహారం పేజీలోనే కనిపిస్తే అది అరకొర ప్లాను. ఏ పాయలో ఏ గంటకు నీరు ఎటు లాగుతుందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 2010లో లూసియానాలో చేపల పడవల్నే అద్దెకు తీసుకుని బూమ్‌లు లాగించారు, కానీ శిక్షణ హడావుడిగా, ప్రమాదం జరిగాక ఇచ్చారు. భైరవపాలెం, ఉప్పాడ పడవలకు ఆ శిక్షణ ఇప్పుడే ఇవ్వొచ్చు. మాస్కులు, చేతి తొడుగులు, రోజు కూలీ ఎంతో సహా ముందే రాసుకోవచ్చు.

ఇంకో మెలిక ఉంది. 2020 జనవరిలో పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ మార్చి, అన్వేషణ కోసం తవ్వే బావుల్ని బీ2 వర్గంలోకి దించారు. వాటికి ఇప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. మెకాండో కూడా అన్వేషణ బావే. ఉత్పత్తి దశకు మాత్రం బహిరంగ విచారణ ఇంకా ఉంది. ఆ రోజున కంపెనీ ప్రతినిధి చమురు తెట్టు ఎటు కదులుతుందో చూపించే మ్యాపు తెస్తారు. సాధారణంగా ఒకటే మ్యాపు. మన తీరం వెంబడి ప్రవాహం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి నడుస్తుంది. నవంబరులో పడ్డ చమురు మచిలీపట్నం వైపు, మార్చిలో పడ్డది విశాఖ వైపు మొగ్గుతుంది. హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే నెలలు కూడా చాలావరకు ఆ రెండో కాలంలోకే వస్తాయి. రెండో మ్యాపు ఏదని అడగండి.