బాగుచేసినా తిరిగొచ్చే లోపం: కొత్త సైకిలూ, దాని సర్వీసూ

శ్రోతలకు నమస్కారం.

కొత్త సైకిల్ కొన్నవారిలో చాలామందికి ఎదురయ్యే ఒక చిక్కు గురించి ఈ ప్రసంగంలో మాట్లాడతాను. సైకిల్ ఇంటికి వచ్చిన కొద్ది వారాలకే గేరు జారడమో, పెడల్ దగ్గర టక్కుమనే చప్పుడు రావడమో, బ్రేకు కీచుమనడమో మొదలవుతుంది. షాపుకు తీసుకువెళితే మెకానిక్ చూసి, సరిచేసి ఇస్తారు. నాలుగు రోజులు బాగానే నడిచి, మళ్ళీ అదే లోపం తలెత్తుతుంది. రెండోసారి, మూడోసారి వెళ్ళేసరికి సైకిల్ కొన్నవారికి షాపు మీద నమ్మకం సడలిపోతుంది. ఈయన ప్రతి చిన్నదానికీ ఫిర్యాదు చేసే మనిషి అన్న అభిప్రాయం షాపువారికి ఏర్పడుతుంది. లోపం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. సరిచేసిన లోపం అదే రూపంలో తిరిగి వచ్చిందంటే, మొదటిసారి ఫలితాన్ని సర్దారే గానీ కారణం జోలికి పోలేదని అర్థం. కాబట్టి రెండోసారి వెళ్ళినప్పుడు, ఇది ఎందుకు తిరిగి వస్తున్నదో వెతకమని అడగాలి. ఆ వెతుకులాటలో సైకిల్ తొక్కేవారు చేయగలిగిన సాయం సాధారణంగా అనుకునేదానికన్నా చాలా ఎక్కువ.

ముందుగా, కొత్త సైకిల్‌లో సహజంగా వచ్చే మార్పులను పక్కకు తీసి పెడదాం. గేరు తీగలు, బ్రేకు తీగలు కొత్తలో కొంత వదులవుతాయి. తీగ సాగిందని అందరూ అంటుంటారు గానీ, ఉక్కు తీగ సాగేది చాలా తక్కువ; తీగ మీదుండే గొట్టాల చివరలు వాటి గూళ్ళలో ఒదిగి కూర్చోవడం వల్లనే ఎక్కువగా ఆ వదులు వస్తుంది. అలాగే స్పోకులు చక్రం నడిమధ్య ఉండే హబ్బు రంధ్రాల్లో సర్దుకుంటాయి, బిగించేటప్పుడు వాటిలో మిగిలిపోయిన మెలిక మొదటి ప్రయాణాల్లో విడిపోతుంది. కొత్త చక్రం నుంచి మొదట్లో వినిపించే టింగుమనే చప్పుడు చాలావరకు అదే. అందుకే కొన్న నెలా రెండు నెలల్లోగా ఒక సర్వీసు తప్పకుండా చేయించాలి. దాన్ని వాయిదా వేస్తూపోయి, ఆ తర్వాత చక్రం వంకర తిరిగిందని షాపువారిని నిలదీయడం న్యాయం కాదు. అయితే, ఆ సర్వీసు పూర్తయిన తర్వాత కూడా అదే గేరు అదే తీరున జారుతుంటే, కొత్త సైకిల్ కదా, సర్దుకుంటుందిలే అన్న సమాధానంతో తృప్తిపడనక్కరలేదు.

మెకానిక్ చూసి, ఏ లోపమూ కనబడలేదని చెప్పడం వినియోగదారులకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించే మాట. ఆ మాట చాలాసార్లు నిజమే. షాపులో సైకిల్‌ను స్టాండుకు తగిలించి, చక్రాన్ని గాలిలో ఉంచి, పెడల్‌ను చేత్తో తిప్పి చూస్తారు. అప్పుడు దాని మీద మనిషి బరువు ఉండదు, ఎత్తు ఎక్కేటప్పుడు చైను మీద పడే లాగుడు ఉండదు, గతుకులూ ఉండవు. బరువు పడితేనే వంగే భాగం, లాగుడు పెరిగితేనే జారే పన్ను, కుదుపు తగిలితేనే కదిలే బోల్టు అక్కడ ఎలా బయటపడతాయి? స్టాండు మీద చక్కగా మారిన గేరు రోడ్డు మీద ఎత్తు ఎక్కేటప్పుడు జారడంలో వింత ఏమీ లేదు. కాబట్టి మెకానిక్‌ను ఒకసారి సైకిల్ ఎక్కి తొక్కి చూడమని మర్యాదగా కోరాలి, వీలైతే లోపం కనిపించే పరిస్థితినే చూపించాలి. ఎత్తులో తేడా వల్లనో, ఒంటి బరువులో తేడా వల్లనో మెకానిక్ తొక్కినప్పుడు లోపం బయటపడకపోతే, ఆయన చూస్తుండగా కొన్నవారే తొక్కి వినిపించాలి. లోపాన్ని ఇద్దరూ కలిసి ఒకసారి చూసిన తర్వాత వాదనకు చోటు చాలా తగ్గిపోతుంది.

లోపాన్ని వర్ణించడం కూడా ఒక నేర్పు. ఏదో శబ్దం వస్తోంది అని చెబితే మెకానిక్‌కు ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలియదు. ఆ శబ్దం ఎంత వ్యవధికి ఒకసారి వస్తున్నదో చెబితే వెతకవలసిన చోటు ఒక్కసారిగా కుదించుకుపోతుంది. పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి టక్కుమంటే, పెడల్, పెడల్‌ను ఇరుసుకు కలిపే క్రాంకు అనే చేయి, రెండు క్రాంకుల మధ్య ఇరుసు, ముందు పళ్ళచక్రం, ఈ నాలుగింటిలో చూడాలి. పెడల్ ఆపి సైకిల్‌ను దానంతటదే దొర్లనిచ్చినప్పుడు కూడా శబ్దం వస్తూ, వేగంతోపాటు దాని లయ పెరుగుతుంటే, అది చక్రానికో బ్రేకుకో సంబంధించినది. ఇక రెండు మూడు పెడల్ చుట్లకు ఒకసారి కుదుపు వస్తుంటే చైనును అనుమానించాలి. ఎందుకంటే ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, చైనుకు 110 లింకులు ఉన్నాయనుకుంటే, పెడల్ రెండున్నర చుట్లు తిరిగితే గానీ చైనులోని ఒక లింకు మళ్ళీ అదే చోటికి రాదు. ఒక్క లింకు బిగుసుకుపోయి సరిగా వంగకపోయినా ఆ వ్యవధికే కుదుపు తెలుస్తుంది. ఇంత చిన్న లెక్క గంటల కొద్దీ వెతుకులాటను తప్పిస్తుంది. సీటు మీద నుంచి లేచి తొక్కినప్పుడు కిర్రుమనే చప్పుడు ఆగిపోతే, ఆ చప్పుడు సీటులోనో దాని కింది గొట్టంలోనో ఉండి ఉంటుంది. ఫ్రేము లోహపు గొట్టాల అల్లిక కాబట్టి శబ్దం ఒకచోట పుట్టి మరోచోట వినిపిస్తుంది. పెడల్ ఇరుసు దగ్గర వినిపించిన చప్పుడు తీరా చూస్తే సీటు గొట్టం బిగింపులో దొరకడం మెకానిక్‌లకు బాగా తెలిసిన సంగతే.

పంక్చర్ల విషయంలోనూ ఇంతే. అదే చక్రానికి పదేపదే పంక్చర్ అవుతుంటే, ట్యూబుకు అతుకు వేయించి ఊరుకోకుండా, రంధ్రం ట్యూబుకు ఏ వైపున ఉన్నదో చూడాలి. రంధ్రం రిమ్ము వైపున ఉంటే, స్పోకుల తలలను కప్పి ఉంచే పట్టీ పక్కకు జరిగి, స్పోకు రంధ్రపు అంచో స్పోకు మొనో గుచ్చుతున్నదని అనుమానించాలి. కొత్త సైకిల్‌లో ఇది బిగింపులో జరిగిన పొరపాటు కావచ్చు. రంధ్రం టైరు వైపున ఉంటే, ముల్లో గాజు పెంకో ఇంకా టైరులోనే ఇరుక్కుని ఉండవచ్చు. పక్కపక్కనే రెండు చిల్లులు కనిపిస్తే, గాలి తక్కువై ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగిందన్నమాట. ఇందులో షాపువారి తప్పు లేదు. టైరు మీది అచ్చు అక్షరాలు ప్రతిసారీ గాలి వాల్వు దగ్గరకు వచ్చేలా అమర్చుకుంటే, ట్యూబులో రంధ్రానికి ఎదురుగా టైరులో ఏ చోటు వస్తుందో వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. ఒకే మరమ్మతును మళ్ళీ మళ్ళీ చేయడం వల్ల కొన్నిచోట్ల నష్టం పెరుగుతూ పోతుంది. ఇందుకు క్రాంకే మంచి ఉదాహరణ. చాలా సైకిళ్ళలో నలుచదరపు ఉక్కు ఇరుసు మీద అల్యూమినియం క్రాంకును బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టుకు సుమారు 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. పొట్టి రెంచీతో చేతికి అందినంత బిగిస్తే అంత బలం రాకపోవచ్చు. వదులుగా ఉన్న క్రాంకుతో కొద్ది దూరం తొక్కినా, గట్టిదైన ఉక్కు మెత్తనిదైన అల్యూమినియాన్ని ఒరుసుకుని, చదరపు రంధ్రం గుండ్రబడడం మొదలవుతుంది. ఒకసారి అలా అరిగిన తర్వాత ఎన్నిసార్లు బిగించినా నిలవదు. వారం వారం బోల్టు బిగించి పంపే షాపు, తెలిసో తెలియకో, ఆ క్రాంకును నాశనం చేస్తున్నట్టే. రెండోసారి వదులైనప్పుడే, ఇక బిగించడం చాలు, క్రాంకు మార్చండి అని గట్టిగా అడగాలి.

గేరు విషయంలో ఇలాంటిదే మరొకటి ఉన్నది. వెనుక చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరొకదానికి జరిపే డెరైలర్ అనే భాగం, చాలా సైకిళ్ళలో, హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్కకు వేలాడుతుంది. దెబ్బ తగిలితే ఫ్రేముకు నష్టం రాకుండా తానే వంగిపోయేలా దాన్ని తయారుచేస్తారు. పెట్టెలో రవాణా అయ్యేటప్పుడో, సైకిల్ కుడివైపుకు పడినప్పుడో అది కంటికి తెలియనంతగా వంగుతుంది. పాత రోజుల్లో గేరు మీటను ఎక్కడ ఆపాలో తొక్కేవారే చేతితో, చెవితో పసిగట్టి సర్దుకునేవారు. 1984లో సైకిల్ భాగాలు తయారుచేసే షిమానో కంపెనీ తన డ్యూరా ఏస్ పరికరాల్లో ఒక్కో నొక్కుకు ఒక్కో గేరు మారే పద్ధతిని తెచ్చి, అది నిలదొక్కుకున్న తర్వాత, ఖచ్చితత్వం తీగ బిగువు మీదా హ్యాంగర్ తిన్నదనం మీదా ఆధారపడింది. వెనుక ఎనిమిది పళ్ళచక్రాలుంటే వాటి మధ్య దూరం 4.8 మిల్లీమీటర్లు, పదకొండు ఉంటే అది 4 మిల్లీమీటర్లకు లోపే. హ్యాంగర్ వంగి ఉన్నప్పుడు తీగను ఎంత సర్దినా పెద్ద గేర్లు కుదిరితే చిన్నవి కుదరవు, చిన్నవి కుదిరితే పెద్దవి కుదరవు. మెకానిక్ తీగను మాత్రమే సర్ది ఇస్తున్నారనిపిస్తే, హ్యాంగర్‌ను కొలిచే పరికరం పెట్టి చూశారా అని అడగాలి. చూడడానికి నిమిషాలు చాలు.

వెనుక చక్రంలో స్పోకులు వరుసగా తెగుతున్నప్పుడు కూడా ఒక్కొక్కటే మార్చడం పరిష్కారం కాదు. చక్రం తిరిగిన ప్రతిసారీ కిందికి వచ్చిన స్పోకు బిగువు కొంత తగ్గి, పైకి పోగానే మళ్ళీ పెరుగుతుంది. మొత్తం బిగువు తక్కువగానో, హెచ్చుతగ్గులతోనో ఉంటే ఈ రాకపోకలకు లోహం అలసి, ఎక్కువగా హబ్బు దగ్గరి వంపులో తెగుతుంది. ఒకటి తెగిందంటే దాని పక్కవి కూడా అదే బాధ పడ్డవే. మొత్తం చక్రాన్ని సమానమైన బిగువుకు తీసుకురమ్మనీ, లేదా చక్రాన్నే మార్చమనీ కోరడం న్యాయమైన కోరికే. డిస్కు బ్రేకు కీచుమనడమూ ఇలాంటిదే: ప్యాడ్లు నూనె పీలిస్తే, గరుకు కాగితంతో రుద్దిన తర్వాత కొద్ది రోజులు బాగుండి మళ్ళీ అరుస్తుంది. ప్యాడ్లు మార్చి, డిస్కును ఆల్కహాల్‌తో తుడవడమే మందు. చైనుకు నూనె స్ప్రే చేసేటప్పుడు డిస్కు మీద పడకుండా చూసుకోవలసిన బాధ్యత మాత్రం వాడేవారిదే.

పెట్టెలో వచ్చిన సైకిల్‌ను ఇంట్లో బిగించుకున్నవారికి ఒక మాట. ఎడమ పెడల్ మరలు తలకిందులుగా, అంటే అపసవ్యంగా తిప్పితే బిగిసేలా ఉంటాయి. అది తెలియక బలవంతంగా ఎక్కిస్తే క్రాంకు మరలు చెడిపోతాయి, ఆ నష్టాన్ని వారంటీ భరించదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును వెనక్కు తిప్పి బిగించిన సైకిళ్ళూ కనబడుతుంటాయి.

షాపుతో వ్యవహరించే తీరు గురించి నా అభిప్రాయం ఇది. మెకానిక్‌ను వినియోగదారులందరి ముందు నిలదీస్తే, ఆయన దృష్టి సైకిల్ మీద నుంచి తన పరువు మీదికి పోతుంది. లోపం ఎప్పుడు, ఏ గేరులో, ఎలాంటి దారిలో వస్తున్నదో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. ఫోనులో తీసిన చిన్న వీడియో ఇంకా మంచిది. సైకిల్ అప్పగించేటప్పుడు ఆ లోపాన్ని జాబ్ కార్డులో రాయించాలి, తిరిగి తీసుకునేటప్పుడు ఏం చేశారో కూడా రాయించాలి. జనరల్ సర్వీసు చేశాము అన్న ఒక్క ముక్క సరిపోదు. ఏ భాగం విప్పారు, ఏది సర్దారు, ఏది మార్చారు అన్నది ఉండాలి. మూడోసారి వెళ్ళినప్పుడు ఆ కాగితాలే మాట్లాడతాయి. తీసుకున్న రోజే, ఇంటికి వెళ్ళిపోకముందే, అక్కడికక్కడ పది నిమిషాలు తొక్కి చూడాలి.

కొన్ని లోపాలతో మాత్రం షాపుకు కూడా తొక్కుకుంటూ వెళ్ళకూడదు. బ్రేకు మీట హ్యాండిల్‌కు తగిలేంత లోపలికి వస్తున్నా, హ్యాండిల్ చక్రంతో కలిసి తిరగకపోయినా, ముందు బ్రేకు పట్టి ఊపినప్పుడు హ్యాండిల్ కింద కటకటమన్నా, ఫోర్కులోనో ఫ్రేము అతుకుల్లోనో పగులు గీత కనిపించినా, సైకిల్‌ను నడిపించుకుని తీసుకువెళ్ళాలి. ఇలాంటి లోపం రెండోసారి వచ్చిందంటే, మళ్ళీ వస్తే చూద్దాం అన్న సమాధానాన్ని ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

కారణం వెతకమని అడిగిన తర్వాత కూడా షాపువారు ప్రతిసారీ పాత మరమ్మతునే చేస్తుంటే, మరొక అనుభవం గల మెకానిక్‌కు సైకిల్ చూపించవచ్చు. అయితే భాగాలు విప్పనివ్వకముందు వారంటీ షరతులు చదవాలి. బయటివారు విప్పితే వారంటీ చెల్లదని కొన్నిటిలో ఉంటుంది. అలాంటప్పుడు కేవలం పరీక్ష చేయించి, కనిపించిన కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ కాగితం, బిల్లు, జాబ్ కార్డుల నకళ్ళు, ఫ్రేము మీది నంబరు జతచేసి, షాపుకూ తయారీదారుకూ ఒకేసారి రాయాలి. ఆ ఉత్తరంలో జరిగిన మరమ్మతులను తేదీల వారీగా పేర్కొని, ఏ భాగాన్ని మార్చమంటున్నారో స్పష్టంగా చెప్పి, జవాబుకు గడువు ఇవ్వాలి. భాగాన్ని మార్చి ఇచ్చినప్పుడు, కొత్త భాగానికి వారంటీ మార్చిన రోజు నుంచి మొదలవుతుందా, సైకిల్ కొన్న రోజు నుంచే లెక్కిస్తారా అన్నది బిల్లు మీద రాయించుకున్న తర్వాతనే సైకిల్‌ను బయటికి తీసుకురావాలి.