ఎముక గడ్డకు సూది ముక్క పరీక్ష: సూది ఎక్కడ దిగాలె?

నమస్తే. మన నల్లగొండ, పాలమూరు దిక్కు మోకాలి కాడ ఎముక ఉబ్బితే ముందుగాల నూనెతోని రుద్దిపిస్తరు, నాటు కట్టు కట్టిపిస్తరు. ఎక్స్‌రేలో గడ్డ కనవడంగనే ఇగ తొందర, రేపే ముక్క పరీక్ష (బయాప్సీ) చేపిద్దామంటరు. దయచేసి ఆగండి. ముందు ఎంఆర్ఐ కావాలె, అదీ ఎముక మొత్తానికి. సూది పడ్డంక లోపల నెత్తురు చేరి వాపొస్తది, గడ్డ ఎంతవరకు పాకిందో తేల్చుడు కష్టమైతది.

సూది పెడితే క్యాన్సర్ పాకుతదని చానామంది భయం. సూది పోయిన దారిలో కణాలు అంటుకోవచ్చు, నిజమే. అందుకే అసలు ఆపరేషన్‌లో గడ్డతో పాటు ఆ దారిని కూడా కోసి తీసేస్తరు. ఆ దారి తర్వాత ఆపరేషన్‌లో కోసే గీత మీదనే ఉండాలె. తొడ ఎముక కింది భాగంలో గడ్డ ఉంటే పక్క కండరంలకెళ్లి పోవాలె. తొడ ముందు నడిమి కండరంల నుంచి పోతే దాన్ని కూడా కోయాల్సొస్తది, మోకాలు చాపే బలం పోతది. కీలు లోపలికి, పెద్ద రక్తనాళాల దగ్గరికి అసలే పోవద్దు. అందుకే తర్వాత ఆపరేషన్ చేసే సర్జనే సూది జాగ నిర్ణయించాలె. 1996లో అమెరికాలో ఎముక గడ్డల సర్జన్ మాన్‌కిన్ బృందం 597 మంది బయాప్సీలు చూస్తే, చికిత్స చేసే సెంటర్‌లో కాక ముందే వేరే చోట తీసిన కేసుల్లో తప్పులు, చిక్కులు 2 నుంచి 12 రెట్లు ఎక్కువున్నయి.

నెత్తురు సరిగ్గ గడ్డకడుతదో లేదో తెలిపే ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ పరీక్షలు చూసినంక చర్మం నుంచి ఎముక పైపొర దాకా లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) ఇస్తరు. నొప్పి ఎక్కువ ఆ పొరలనే. సీ-ఆర్మ్ (అప్పటికప్పుడు ఎక్స్‌రే చూపే మిషన్) లేదా సీటీ చూసుకుంట 11 లేదా 8 గేజ్ (సూది లావు కొలత) జంషీడి అనే ఎముక సూది దింపుతరు. గడ్డ ఎముక బయటికి పొడుచుకొస్తే అక్కడ మెత్తటి కణజాలం తీసే 14 గేజ్ ట్రూకట్ సూది చాలు, ఎముకకు తూటు పెట్టే పని లేదు. ఒకే రంధ్రం నుంచి కోణం మార్చుకుంట నాలుగైదు ముక్కలు తీస్తరు. గడ్డ నడిమిట్ల చచ్చిన కణజాలమే రావచ్చు, అంచు కాడ తియ్యాలె.

ముక్కలన్నీ ఫార్మలిన్‌లనే (ముక్క చెడకుండ ఉంచే ద్రావణం) వెయ్యొద్దు. అందులో క్రిములు చస్తయి, కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) రాదు. ఎముక టీబీ కూడా గడ్డ లెక్కనే కనవడుతది గనుక ఒక ముక్క సెలైన్‌ల వేసి కల్చర్‌కు, సీబీనాట్‌కు (టీబీ క్రిమి జన్యు పరీక్ష) పంపాలె. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరోసిస్ ఉన్నోళ్ల ఎముకలు అసలే ఎక్స్‌రేల తెల్లగ కనవడతయి, గట్టిగ ఉంటయి. ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి, డ్రిల్ అవసరం పడొచ్చు.

ముక్కతో పాటు ఎక్స్‌రే, ఎంఆర్ఐ కూడా ముక్కను పరీక్షించే డాక్టర్‌కు (పాథాలజిస్టు) చేరాలె. ఎముక గట్టి ముక్కను మెత్తవరిచేందుకే కొన్ని రోజులు పడతది, రిపోర్ట్ ఆలస్యమైతే గాబరా పడకండి. హైదరాబాద్‌ల ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్ లాంటి చోటికి పోయేటప్పుడు రిపోర్ట్ కాగితం ఒక్కటే చాలదు. స్లైడ్లు, ముక్కను దాచిన మైనం బ్లాకులు కూడా ల్యాబ్‌ల అడిగి తీసుకపోండి.