బెంగళూరు వెళ్తే ఎక్కడ తినాలి, ఎక్కడ కూర్చోవాలి: తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం

[తెర మీద: రాత్రి పూట తిరుపతి బస్టాండ్. బెంగళూరు బోర్డు పెట్టుకున్న బస్సులు వరసగా.]

అందరికీ నమస్కారం. ఉద్యోగమో, ఇంటర్వ్యూనో, ఆస్పత్రో, పెళ్లో, ఏదో ఒక పని మీద మనం బెంగళూరుకు పోతూనే ఉంటాం. పని అయిపోతుంది, సాయంత్రం చేతిలో ఉంటుంది. అప్పుడు ఫోన్ తీసి "దగ్గర్లో మంచి హోటల్" అని కొడతాం. స్టార్లు ఎక్కువున్న చోటికి ఆటో ఎక్కుతాం. చాలాసార్లు బిల్లు గుర్తుంటుంది గానీ తిన్నది గుర్తుండదు.

నిజానికి మంచి చోటు ఎలా పట్టుకోవాలో తిరుపతి వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. రోజూ వేలమంది యాత్రికులు వచ్చే ఊరు మనది. రైల్వే స్టేషన్ ముందున్న హోటల్‌కి ఈరోజు వచ్చినవాళ్లు రేపు రారు. రుచి తగ్గినా అడిగేవాళ్లు ఉండరు. అందుకే మనం టిఫిన్‌కి అటు పోము, మన వీధి చివరున్న చోటికే పోతాం. అక్కడ ఊరిబిండిలో ఉప్పు ఎక్కువైతే పొద్దున్నే నలుగురు మొహం మీదే చెప్తారు. ఆ భయం ఉన్న వంటవాడు జాగ్రత్తగా వండుతాడు. బెంగళూరులోనూ వెతకాల్సింది అదే: తిరిగి తిరిగి వచ్చే గిరాకీ మీద బతికే చోటు.

[తెర మీద: తెల్లవారుజామున మెజెస్టిక్. మెట్రో మెట్లు దిగుతున్న జనం.]

రాత్రి బస్సు ఎక్కితే తెల్లారే వేళకు మెజెస్టిక్ బస్టాండ్‌లో దిగుతారు. నిద్రమొహంతో ఎదురుగా కనిపించిన హోటల్‌లో దూరకండి. గ్రీన్ లైన్ మెట్రోలో రెండో స్టేషన్ కేఆర్ మార్కెట్. మెట్రో పొద్దున ఐదు ప్రాంతంలో మొదలవుతుంది, ఆదివారం మాత్రం ఆలస్యం. 1928లో కట్టిన మార్కెట్ అది, మైసూరు మహారాజు కృష్ణరాజేంద్ర పేరు మీద. పూల మార్కెట్ తెల్లారకముందే జోరు మీద ఉంటుంది. బంతి, చేమంతి, మల్లె గుట్టలు గుట్టలు. మదనపల్లె టమాటా మండీ చూసినవాళ్లకు ఈ హడావిడి కొత్త కాదు. పది దాటాక వెళ్తే ఎండ, తోపులాట తప్ప చూడ్డానికి పెద్దగా ఏమీ మిగలదు. ఇంకోమాట, అక్కడ మనుషులు బరువులు మోసుకుంటూ పరుగున వస్తుంటారు. దారికి అడ్డంగా నిలబడి వీడియోలు తీయకండి. వాళ్ల కూలి ఆ పరుగులోనే ఉంది.

అక్కణ్నుంచి మరో స్టేషన్ ముందుకు వెళ్తే నేషనల్ కాలేజ్. దిగితే బసవనగుడి. పాత కుటుంబాలు తరాలుగా ఉంటున్న పేట. గాంధీ బజార్‌లో విద్యార్థి భవన్ అనే హోటల్ 1943 నుంచి ఉంది. దోసె మందంగా, బయట కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది. మన పల్చటి దోసె అలవాటున్నవాళ్లకు మొదటి ముక్కకు ఆశ్చర్యంగా అనిపించొచ్చు, రెండో ముక్కకు నచ్చేస్తుంది. శుక్రవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి. లాల్‌బాగ్ దగ్గర ఎంటీఆర్ హోటల్ 1924లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం కరువైతే రవ్వతో ఇడ్లీ చేసి చూశారట, ఈరోజు మనం ఇంట్లో చేసుకునే రవ్వ ఇడ్లీ అక్కడే పుట్టిందని చెబుతారు. దానికి సోమవారం సెలవు. రెండు చోట్లా శని, ఆదివారాల్లో క్యూ గట్టిగా ఉంటుంది. వేచి ఉండే ఓపిక లేకపోతే మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి.

సాయంత్రానికి వీవీ పురం తిండి బీది. సజ్జన్‌రావు సర్కిల్ పక్కన ఒకే వీధి, రెండు వైపులా కొట్లే. చీకటి పడ్డాకే దానికి కళ. ఒక్క కొట్టు దగ్గరే కడుపు నింపుకోకండి. ముగ్గురు వెళ్తే ఒక ప్లేట్ తీసుకుని పంచుకోండి, అప్పుడు నాలుగైదు చోట్ల రుచి చూడొచ్చు. చలికాలంలో వెళ్తే ఆ చుట్టుపక్కలే అవరెబేళె మేళా జరుగుతుంది. అనపకాయల పండగ అనుకోండి. సంక్రాంతి రోజుల్లో మన ఇళ్లలో కూర్చుని గింజలు పితికి పితికిపప్పు కూర చేస్తాం కదా, అవే గింజలతో అక్కడ దోసె, ఉప్మా, వడ, ఆఖరికి స్వీట్లు కూడా చేస్తారు. చిత్తూరు జిల్లా మనిషి తప్పకుండా చూడాల్సింది ఏదైనా ఉందంటే నా మాటలో ఇదే.

మాంసం తినేవాళ్లు బోర్డు మీద "మిలిటరీ హోటల్" అనే మాట కోసం చూడండి. దొన్నెలో పెట్టిచ్చే బిర్యానీ, రాగి ముద్ద, నాటుకోడి. సంగటి తిని పెరిగిన నోటికి ఇక్కడ కొత్తేమీ ఉండదు. మధ్యాహ్నం త్వరగా వెళ్లాలి, ఐటెమ్‌లు అయిపోతాయి.

[తెర మీద: చర్చ్ స్ట్రీట్, సాయంత్రం. తర్వాత ఇందిరానగర్.]

ఇప్పుడు బార్ల సంగతి. ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్ల కోసమే ఈ భాగం. గుర్తింపు కార్డు జేబులో పెట్టుకోండి, అడుగుతారు.

మన వైపు బార్ అంటే ఏసీ గది, మసక లైటు, ఇంట్లో చెప్పకుండా వెళ్లే చోటు. బెంగళూరులో పబ్ అంటే ఆఫీసు అయ్యాక ఆడా మగా కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు. రెండు పేటలు తెలిస్తే చాలు. ఒకటి, ఎంజీ రోడ్ మెట్రో దగ్గర చర్చ్ స్ట్రీట్, బ్రిగేడ్ రోడ్ ప్రాంతం. పెకోస్ లాంటి పాత పబ్‌లు ఇక్కడే ఉన్నాయి, అది 1989 నుంచి నడుస్తోంది. రెండోది ఇందిరానగర్. 2010లో మొదలైన టాయిట్ అనే పబ్ అక్కడే, హండ్రెడ్ ఫీట్ రోడ్డులో. అక్కడ బీరు అక్కడే తయారుచేస్తారు. పెద్ద స్టీల్ ట్యాంకులు కనిపిస్తూనే ఉంటాయి.

సొంతంగా బీరు కాచే చోట నేరుగా పెద్ద గ్లాసు చెప్పకండి. "ఈరోజు ఏమేం ఉన్నాయి, కొంచెం రుచి చూపిస్తారా?" అని అడగండి. మంచి చోట చిన్న గ్లాసుల్లో పోసి ఇస్తారు. గోధుమ బీరు తేలిగ్గా ఉంటుంది. స్టౌట్ అనే బీరు నల్లగా, కాఫీ చేదుతో ఉంటుంది. అడిగితే విసుక్కునే చోట కూర్చోవద్దు.

ఏ పబ్ మంచిదో తేల్చుకోవాలంటే మంగళవారమో బుధవారమో సాయంత్రం ఏడు గంటలకు బయట నుంచి చూడండి. శనివారం రాత్రి ప్రతి చోటూ నిండే ఉంటుంది, దాన్నిబట్టి ఏమీ తెలియదు. వారం మధ్యలో కూడా బల్లలు నిండి, వెయిటర్ కస్టమర్లను పేరుతో పలకరిస్తుంటే లోపలికి వెళ్లండి. రోడ్డు మీద నిలబడి "రండి సార్, ఆఫర్ ఉంది" అని చేయి పట్టుకుని లాగే చోటికి మాత్రం వద్దు. బాటిల్ అయితే మీ ఎదురుగానే సీల్ తీయమనండి.

బిల్లు చదవండి. సర్వీస్ చార్జ్ తప్పనిసరి కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, కాబట్టి మందు మీద జీఎస్టీ వేస్తే ఎందుకు వేశారని అడిగే హక్కు మీకుంది.

ఇంకో విషయం, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. పబ్‌లు రాత్రి ఒంటిగంట దాకా ఉంటాయి, మెట్రో పదకొండు ప్రాంతంలోనే ఆగిపోతుంది. ఆ రెండు గంటల తేడాలోనే "దగ్గరే కదా" అని బండి తీస్తారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే. మొదటిసారికే పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. జరిమానా కడితే పోతుంది, మనిషి పోతే రాడు. రూమ్ ఎక్కడో చూసుకుని, నడిచిపోయే దూరంలోనో ఆఖరి మెట్రో అందేలాగానో కూర్చోండి. ఆడపిల్లలు ఉంటే క్యాబ్ వచ్చి నిలబడ్డాకే బయటికి రండి, క్యాబ్ వివరాలు ఇంట్లో ఒకరికి పంపండి.

పగటి బస్సులో వెళ్లేవాళ్లకు ఒక సులువు ఉంది. పలమనేరు, ముల్బాగల్, కోలార్ మీదుగా వచ్చే బస్సు కేఆర్ పురం దాటే ఊళ్లోకి పోతుంది. అక్కడే దిగి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే ఇందిరానగర్, ఎంజీ రోడ్ నేరుగా వచ్చేస్తాయి. మెజెస్టిక్ దాకా ట్రాఫిక్‌లో కూర్చునే టెన్షన్ ఉండదు.

తిరిగి వచ్చేటప్పుడు బ్యాగులో బాటిళ్లు పెట్టుకోవద్దు. మన రాష్ట్రంలో పన్ను కట్టని మద్యం దొరికితే ఎక్సైజ్ కేసు అవుతుంది. దానికి బదులు, సొంత కారులో వస్తుంటే ముల్బాగల్‌లో ఆగి దోసె తినండి. చెన్నై వెళ్లేవాళ్ల కోసం కోయంబేడు మార్కెట్ మీద వచ్చే వారం వీడియో పెడతాను.