పొట్లం జేబులోనే ఉండనీ

(మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచా తాలూకాలోని ఒక ఊరి బడిలో, యోగా దినం నాడు చేసిన ప్రసంగం. అక్కడ తాయి అంటే అక్క, బచత్ గట్ అంటే పొదుపు సంఘం)

సర్పంచ్ తాయికి, బచత్ గట్ అక్కలకు, మన ఆరోగ్య కార్యకర్త ఆశా తాయికి, ముందు వరసలో కూర్చున్న నా పాత విద్యార్థులకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోతుంది. ఏమనుకోకండి.

ఊపిరి గురించి చెప్పమన్నారు. 2015 నుంచి ఏటా జూన్ 21న ఇక్కడ చాపలు పరుస్తూనే ఉన్నాం. నాకు ఆసనాలు రావు, మోకాలు వంగదు. ఇరవై రెండేళ్లు ఖర్రా తిన్న బడిపంతులును నేను. నాకున్న అర్హత అదొక్కటే.

ఖర్రా అంటే ఏమిటో గోదావరి అవతలివాళ్లకు చెప్పాలి గానీ మీకెందుకు? సుపారీ అదే వక్క ముక్కలు, తంబాకు, సున్నం ప్లాస్టిక్ కవరులో వేసి పాన్‌ఠేలా బండి అతను రుద్దుతుంటే ఆ చప్పుడుకే నోట్లో నీళ్లూరతాయి. నాకు బడి గంటకు ఊరేవి. ఇంటర్వెల్ గంట మోగితే చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. నేను పంపలేదు, అదే పోయేది. పొగాకు తినొద్దని పిల్లలకు పాఠం చెప్పి, గంట కొట్టగానే గోడ వెనక్కి పోయేవాణ్ణి. ముందు వరసలో నవ్వుతున్నారు చూడండి. వీళ్లంతా చూసినవాళ్లే.

ఒక పని చేయండి. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టి చూడండి. సిగ్గెందుకు, పెట్టండి. పట్టాయా? నాకు రెండే పడతాయి. సుపారీ వల్ల బుగ్గల లోపలి చర్మం తాడులా బిగుసుకుపోతుందని దవాఖానలో చెప్పారు. వట్టి సుపారీ కూడా కాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. తంబాకు లేకుండా తింటున్నానులే అనుకునేవాళ్లు వినండి. ఏ ప్రాణాయామమూ నా నోటిని మళ్లీ తెరిపించలేదు. పూర్తి ముద్ద పెట్టుకుని ఎన్నేళ్లయిందో.

మరి ఊపిరి దేనికి పనికొచ్చింది? పది నిమిషాలకు. అంతే.

మానేసిన మొదటి వారం గోడ గడియారం ముందు కూర్చున్నాను. కోరిక మొదలవగానే టైం రాసుకున్నాను. దవడ కింద లాగుతుంది, నాలుక తడుముకుంటుంది, ఇంట్లోవాళ్ల మీద ఊరికే కోపం వస్తుంది. ధ్యానమంటే దాన్ని తరిమెయ్యడం అనుకుని మొదట్లో తరిమాను. తరిమేకొద్దీ పెరిగింది. తర్వాత ఊరికే చూశాను, ఇప్పుడు ఎక్కడ లాగుతోంది, ఇంకా ఎంత అని. ఏడో నిమిషానికి దిగిపోయింది. గంటకు మళ్లీ వచ్చిందనుకోండి. మళ్లీ కూర్చున్నాను. మధ్యలో ఎన్నిసార్లు తిన్నానో మా ఆవిడ దగ్గర లెక్కుంది, నా దగ్గర లేదు.

మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూడండి. ఊపిరి తీసుకునేటప్పుడు కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. కుర్రవాళ్లకు బాగా తెలుస్తుంది. అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. నాలుగు లెక్కపెట్టేదాకా తీసుకోవడం, ఆరు లెక్కపెట్టేదాకా వదలడం. నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. బీడీ తాగే మామలు నిండుగా ఊపిరి పీల్చేది బీడీ అందుకున్నప్పుడే. ఆ హాయిలో సగం ఊపిరిదేనని నా అనుమానం. పేరు మాత్రం బీడీ కొట్టేస్తోంది.

తర్వాత భ్రామరి, అదే తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం గురించి చెబుదామని కాగితం మీద రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నాను. మా అన్న సంగతి చెప్పాలి.

మన గడ్చిరోలిలో 1993 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం. ఇప్పసారా ఆగిందా? మా అన్న పొద్దున లేవగానే తాగేవాడు, లేకపోతే గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణికేవి. ఎక్కడినుంచో ఒకాయన వచ్చి శిబిరం పెట్టాడు. ఈ రోజునుంచి చుక్క ముట్టవద్దు, పొద్దునా సాయంత్రం కపాలభాతి, అదే పొట్ట లోపలికి కొడుతూ గబగబా ఊపిరి వదలడం, చెయ్యి చాలన్నాడు. చేర్పించింది నేనే. రెండో రోజు ఒళ్లంతా చెమట. విషం బయటికి పోతోంది, మంచిదేనన్నాడు. మూడో రాత్రి అన్న గోడమీద లేని చీమల్ని ఏరుతున్నాడు. తెల్లవారుజామున ఫిట్స్. అప్పటికి గోదావరి మీద వంతెన లేదు. పడవలో దాటించి, కాళేశ్వరంలో జీపు దొరకబుచ్చుకుని వరంగల్ బయల్దేరాం. పరకాల దాకా ఉన్నాడు.

ఊపిరి చంపిందని అనను. రోజూ విపరీతంగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి కొద్ది రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. దానికి మందులున్నాయి, విటమిన్ బీ వన్ ఇంజెక్షన్ ఉంది. డాక్టరు దగ్గరుండి చూస్తే చాలామంది గట్టెక్కుతారు. ఆ ముక్క మాకెవరూ చెప్పలేదు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం షాపులు మూసేస్తే, తాగుడు ఒక్కసారిగా ఆగిపోయి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పోటెత్తారని పేపర్లో చదివి, ఆ రోజు అన్నం తినలేకపోయాను.

అక్కలారా, మీకే చెబుతున్నాను. ఇంట్లో ఎవరికైనా పొద్దున చేతులు వణుకుతుంటే సారా కుండ పగలగొట్టే ముందు ఆశా తాయికి చెప్పండి. ముందు దవాఖాన. చాప తర్వాత. ఆ గండం రోజులు దాటి, మనిషి నిలబడ్డాక, సాయంత్రం ఆరింటికి కాళ్లు వాటంతటవే సారా ఇంటివైపు నడుస్తాయి చూడండి, అప్పుడు ఈ నాలుగూ ఆరూ పనికొస్తుంది. ఇంకోమాట, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు కపాలభాతి జోలికి పోవద్దు. ఊపిరి మెల్లగా వదలండి చాలు.

పావుగంట దాటినట్టుంది, సర్పంచ్ తాయి గడియారం చూస్తున్నారు. వెనక స్తంభం దగ్గర తమ్ముడూ, నిన్నే. వచ్చినప్పటినుంచి జేబు తడుముకుంటున్నావు. పారెయ్యమనను, పొట్లం జేబులోనే ఉండనీ. పది నిమిషాల తర్వాత తిందువులే, నేను అడ్డు రాను. ఇలా ముందుకొచ్చి నా పక్కన కూర్చో. అందరూ కళ్లు మూసుకోండి. ముక్కుతో తీసుకోండి... ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇక వదలండి...