లిఫ్ట్ కిట్‌కు ముందు టైరు, గాలి, గేర్ ఆయిలు: ఫోర్ వీల్ డ్రైవ్ బండిని బురద దారికి సిద్ధం చేయడం

[దృశ్యం: ఉదయం వేళ విజయవాడ ఆటోనగర్. షాపుల షట్టర్లు ఒక్కొక్కటిగా పైకి లేస్తున్నాయి. ఒక షెడ్డులో మారుతి జిమ్నీ వెనుక ఇరుసు కింద జాకీ పెట్టి ఉంది.]

వ్యాఖ్యాత: నమస్కారం. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవారిలో చాలామంది ఆటోనగర్‌కు వచ్చి ముందుగా అడిగేది బండి ఎత్తు పెంచమని. స్ప్రింగుల దగ్గర స్పేసర్లు, అంటే ఎత్తు పెంచే దిమ్మలు, ఉన్న లిఫ్ట్ కిట్ వేసి రెండు అంగుళాలు లేపితే ఇక ఏ దారిలోనైనా తిరగవచ్చన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. నా అనుభవం ఆ వరుసను తిరగేయమంటోంది. మొదట టైరు, తరువాత దానిలోని గాలి, ఆ తరువాత బండి అడుగున కనిపించకుండా ఉండే గేర్ ఆయిలు, సీళ్లు; ఎత్తు సంగతి వీటన్నిటి తరువాతే రావాలని నేను ఎందుకు అంటున్నానో ఈ బండి కిందికి వంగి చూస్తే అర్థమవుతుంది.

[దృశ్యం: కెమెరా బండి కిందికి దిగి, ఇరుసు మధ్య గుండ్రంగా ఉబ్బి ఉన్న డిఫరెన్షియల్ దగ్గర ఆగుతుంది. నేలకూ దానికీ మధ్య ఒక స్కేలు నిలబెట్టి ఉంది.]

వ్యాఖ్యాత: రాయి దారిలో ముందుగా తగిలేది ఈ గుండ్రటి భాగమే. మలుపులో చక్రాలు వేర్వేరు వేగంతో తిరిగేలా చేసే డిఫరెన్షియల్ గేర్లు దీనిలోనే ఉంటాయి. జిమ్నీకి ముందూ వెనుకా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే ఇరుసు ఉంటుంది కాబట్టి, స్ప్రింగులను ఎంత పొడుగు చేసినా పైకి లేచేది ఛాసిస్, బాడీ మాత్రమే. డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉండిపోతుంది. దానిని నేల నుంచి పైకి తీసుకువెళ్లగలిగేది టైరు ఒక్కటే. కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు (వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు దానిలో 80 శాతం, రిమ్ము 15 అంగుళాలు) వ్యాసం లెక్క ప్రకారం 693 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 235/75 ఆర్15 వేస్తే వ్యాసం 733.5 మిల్లీమీటర్లు అవుతుంది. పెరిగింది 40 మిల్లీమీటర్లు, అందులో సగం, అంటే 20 మిల్లీమీటర్లు, డిఫరెన్షియల్ కింద ఖాళీగా మనకు దక్కుతుంది.

ఆ 20 మిల్లీమీటర్లు ఉచితంగా రావు. చక్రం పెద్దదైనప్పుడు ఒక చుట్టుకు బండి ఎక్కువ దూరం వెళుతుంది కాబట్టి, స్పీడోమీటరు 100 చూపుతున్నప్పుడు అసలు వేగం దాదాపు 106 ఉంటుంది. అదే నిష్పత్తిలో ఇంజను లాగే బలం చక్రం దగ్గర తగ్గుతుంది, బ్రేకు మీద భారం పెరుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు ఎక్కడ రాసుకుంటుందో కూడా చూసుకోవాలి. అందుకే ఈ బండికి 215/75 ఆర్15 దగ్గర ఆగిపోవడం మంచిదని నా అభిప్రాయం. వ్యాసం 1.5 శాతమే పెరుగుతుంది, గేర్ల లెక్క చెదరదు.

మహీంద్రా థార్ సంగతి కొంచెం వేరు. 2020లో వచ్చిన కొత్త థార్‌లో ముందు చక్రాలు దేనికదే విడిగా కదులుతాయి, ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. అక్కడ లిఫ్ట్ వేస్తే డిఫరెన్షియల్ కూడా లేస్తుంది, కానీ చక్రాలకు వెళ్లే డ్రైవ్ షాఫ్టులు ఏటవాలుగా మారి, వాటి రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. ఏ బండికైనా ఎత్తు పెంచితే గట్టు ఎక్కేటప్పుడు బంపరు తగలకుండా మేలు జరుగుతుంది, దానిని నేను కాదనడం లేదు. అయితే ఇరుసుకు బలం తీసుకువెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ (దాని కీలు) మీద కోణం పెరుగుతుందనీ, బ్రేకు గొట్టాలు సాగుతాయనీ, ముందు చక్రాలను తిన్నగా నడిపించే క్యాస్టర్ కోణం తగ్గి హైవే మీద స్టీరింగ్ నిలకడ పోతుందనీ తెలిసిన తరువాతే ఆ నిర్ణయం తీసుకోవాలి.

చట్టం కూడా ఇక్కడ అడ్డు నిలుస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీలులేదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష విధించడానికి అవకాశం ఇచ్చింది. ముందు బంపరుకు ఇనుప బుల్ బార్లు బిగించడం తగదని కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు తెలియజేసింది.

[దృశ్యం: కృష్ణ లంకల్లో పొలాలకు వెళ్లే ఇసుక బాట. వ్యాఖ్యాత టైరు పక్కన కూర్చుని గేజీతో గాలి కొలుస్తున్నారు.]

వ్యాఖ్యాత: ఇప్పుడు డబ్బు ఖర్చు లేని మార్పు గురించి చెబుతాను. రోడ్డు మీద 30 పౌండ్లు ఉన్న గాలిని ఇక్కడ 18 పౌండ్లకు దించాను. గాలి తగ్గితే టైరు వెడల్పవుతుందని అనుకుంటారు గాని, అసలు జరిగేది టైరు నేలను తాకే పాదం పొడవుగా సాగడం. అదే బరువు ఎక్కువ చోటుకు పంచబడి, చక్రం ఇసుకను తవ్వడం మాని దాని మీదుగా నడుస్తుంది. పది నిమిషాల క్రితం కూరుకుపోయిన ఇదే బాటలో, నాలుగు చక్రాలకూ గాలి తీసిన తరువాత, బండి లో రేంజిలో (తక్కువ వేగంతో ఎక్కువ బలం ఇచ్చే గేరులో) నెమ్మదిగా బయటికి వచ్చింది. 15 పౌండ్ల కంటే కిందికి దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. తగ్గించిన గాలితో హైవే ఎక్కకూడదు. టైరు పక్కగోడ మడత పడుతూ వేడెక్కి పగిలిపోతుంది. అందుకే బ్యాటరీకి నేరుగా తగిలించే చిన్న కంప్రెసరు నా బండిలో ఎప్పుడూ ఉంటుంది.

గుంటూరు వైపు నల్లరేగడిలో ఈ సూత్రం అంతగా పనిచేయదు. ఆ మట్టి తడిస్తే ఉబ్బి, జిగురులా టైరు గాళ్లన్నిటినీ నింపేస్తుంది, ఆ తరువాత మీ టైరు ఎంత ఖరీదైనదైనా నున్నటి గుండుతో సమానం. గాళ్లు లోతుగా, ఎడంగా ఉండే మడ్ టెర్రైన్ టైర్లు మట్టిని కొంత విదిలించగలవు, కానీ తడి తారు రోడ్డు మీద వాటి పట్టు తక్కువ. వారమంతా బందరు రోడ్డు మీద తిరిగి, నెలకొకసారి పొలం బాట పట్టేవారికి ఆల్ టెర్రైన్ టైర్లే సరైనవి. వాన వెలిసిన మరునాడు చేలోకి దిగవద్దని మన రైతులు చెబితే ఆ మాట వినడం అన్ని టైర్ల కంటే మేలు.

ఇంకొక అలవాటు మార్చుకోవాలి. థార్, జిమ్నీల వంటి బండ్లలో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. పొడి తారు మీద నాలుగు చక్రాలకూ బలం పంపే ఫోర్ హై వేసి తిప్పితే ఆ తేడాకు చోటు దొరకక, బలమంతా రెండు ఇరుసులకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో బిగుసుకుంటుంది. చక్రం జారగలిగిన నేల మీదనే దానిని వాడాలి.

[దృశ్యం: మోకాలి లోతు నీళ్లు పారుతున్న వాగు ఒడ్డున ఆగిన బండి. వ్యాఖ్యాత కర్రతో లోతు చూస్తున్నారు.]

వ్యాఖ్యాత: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఎన్ని బండ్లు పాడయ్యాయో విజయవాడ వారికి చెప్పనవసరం లేదు. ఇంజను గాలి పీల్చే దారిలోకి నీరు వెళితే, నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నీళ్లలో ఆగిపోయిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. థార్ 650 మిల్లీమీటర్ల లోతు వరకు వెళ్లగలదని కంపెనీ చెబుతుంది. ఆ అంకె నిలకడగా ఉన్న నీటికి, నెమ్మదిగా నడిపినప్పటికి వర్తిస్తుంది. బయట బిగించే నిలువు గొట్టం, స్నార్కెల్, గాలి పీల్చే చోటును మాత్రమే పైకి తీసుకువెళుతుంది, వైర్లనూ ఇరుసులనూ కాపాడదు.

ఇరుసు మాట వచ్చింది కాబట్టి, నాకు జరిగిన నష్టం చెప్పాలి. ఒక వానాకాలంలో హైవే మీద గంటకు పైగా నడిపి, ఆగకుండా ఇటువంటి వాగులోకే దిగాను. ఇంటికి వచ్చాక ఒక షాపులో డిఫరెన్షియల్ ఆయిలు చూడమని అడిగితే, ప్లగ్గు తీయకుండానే బాగుందన్నారు. నేను పక్కన నిలబడి చూడలేదు. రెండు నెలల తరువాత అరవై వేగం దగ్గర సన్నటి ఈల శబ్దం మొదలైంది. ప్లగ్గు విప్పితే ఆయిలు బదులు పాల టీ రంగు ద్రవం కారింది. బేరింగులు తుప్పు పట్టి గుంటలు పడ్డాయి, లోపలి క్రౌన్, పినియన్ గేర్ల పళ్లు అరిగిపోయాయి, రెండూ మార్చవలసి వచ్చింది.

జరిగింది ఏమిటంటే, వేడెక్కిన డిఫరెన్షియల్ లోపల గాలి వ్యాకోచించి ఉంటుంది. చల్లని నీళ్లలో మునగగానే అది కుంచించుకుపోయి లోపల పీల్పు పుడుతుంది. లోపలి గాలి వచ్చిపోవడానికి పైనున్న చిన్న బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ పీల్పు సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి లాగుతుంది. బ్రీదర్ తెరిచి ఉండి నీటి కిందే ఉంటే నేరుగా దానిలోంచే లాగుతుంది. దీనికి మందు చాలా చిన్నది. ఒక రబ్బరు గొట్టం బ్రీదర్‌కు తగిలించి ఇంజను గది పైభాగం వరకు తీసుకువెళ్లి కట్టాలి, వాగు ముందు పది పదిహేను నిమిషాలు ఆగి ఇరుసును చల్లారనివ్వాలి. నా దృష్టిలో లిఫ్ట్ కిట్ కంటే ఈ గొట్టమే ముందు వేయించవలసిన మార్పు.

[దృశ్యం: మళ్లీ షెడ్డు. మెకానిక్ డిఫరెన్షియల్ పై ప్లగ్గుకు పానా వేస్తున్నాడు.]

వ్యాఖ్యాత: నీళ్లు దాటిన ప్రతి ప్రయాణం తరువాత ఆయిలు చూడాలి. ఎప్పుడూ ముందు పైన ఉన్న నింపే ప్లగ్గు విప్పాలి, అది వచ్చిన తరువాతే కిందిది తీయాలి. కిందిది తీసి ఆయిలు వదిలాక పైది తుప్పుతో రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. అయస్కాంతం ఉన్న ప్లగ్గుకు మెత్తటి బూడిద రంగు పేస్టు అంటుకుంటే అది సహజమైన అరుగుదల; గోటికి తగిలే ముక్కలు ఉంటే లోపల ఏదో విరిగిందని అర్థం. ఆయిలు గ్రేడు మాన్యువల్‌లో రాసినదే పోయాలి.

ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లకు గ్రీజు నిపుల్ ఉన్న బండ్లలో, నీళ్లు కలిసిన పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేవరకు కొట్టాలి. జిమ్నీ ముందు చక్రాల లోపలి వైపు ఉండే గుండ్రటి నకిల్ సీళ్ల దగ్గర గ్రీజు కారుతుంటే వాయిదా వేయకూడదు. అక్కడ చక్రం పక్కకు తిరగడానికి ఉండే కింగ్ పిన్ బేరింగులు అరిగితే హైవే మీద స్టీరింగ్ చేతుల్లోనే వణుకుతుంది. ఆ వణుకు నల్లరేగడి ప్రయాణం తరువాత వచ్చిందంటే మాత్రం ముందు రిమ్ముల లోపలి వైపు చూడండి, ఎండిన మట్టి ఒకవైపు గడ్డకట్టి ఉంటుంది.

[దృశ్యం: వెనుక చక్రం విప్పి బ్రేకు డ్రమ్ము బయటికి లాగుతారు. లోపలి నుంచి పొడిమట్టి నేల మీద రాలుతుంది.]

వ్యాఖ్యాత: బయట బండి మెరిసేలా కడిగిన తరువాత తీసిన డ్రమ్ము ఇది. థార్, జిమ్నీ రెండింటికీ వెనుక డ్రమ్ము బ్రేకులే కాబట్టి, లోపల చేరిన ఈ మట్టి లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య ఉప్పుకాగితంలా రాస్తూ ఉంటుంది. ఇప్పుడు దీనిని ఊదకుండా, దుమ్ము పీల్చకుండా, తడిగుడ్డతో తుడిచి, లైనర్ల మందం కొలిచి, చక్రం బిగించి, కొత్త ఆయిలు పోసిన తేదీనీ కిలోమీటరు అంకెనూ గ్లవ్ బాక్సులోని పుస్తకంలో రాసుకుంటున్నాను.

[దృశ్యం: పుస్తకంలో రాస్తున్న చేయి. వెనుక షెడ్డులో జాకీ దిగుతున్న చప్పుడు.]