కడుపులో కాపురముండేవాళ్ళు, వచ్చిపోయేవాళ్ళు

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకు వినపడుతోందా? సరే.

నేను మైక్రోబయాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, డాక్టర్ని కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే పోయినసారి ఇట్లాగే మాట్లాడి కిందికి దిగగానే నలుగురు ప్రిస్క్రిప్షన్లు తెచ్చి చేతిలో పెట్టారు. ఈరోజు విషయం ప్రోబయోటిక్స్, అంటే మేలు చేస్తాయని మనం మింగే బతికున్న క్రిములు. మెడికల్ షాపులో అమ్మే సాచెట్లు, క్యాప్సూళ్ళు, ఫ్రిజ్‌లో ఉండే ఆ చిట్టి సీసాలు, వీటికీ మన ఇంట్లో పెరుక్కీ చుట్టరికం ఏంటి, కడుపుకి ఏది ఎంతవరకు పనికొస్తుంది, అంతే.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మనిషి ఒంట్లో మన కణం ఒకటుంటే బ్యాక్టీరియా పది ఉంటాయని నేను ఏళ్ళ తరబడి క్లాసులో చెప్పాను, పిల్లలు పరీక్షలో అదే రాస్తే మార్కులూ వేశాను. 2016లో మళ్ళీ లెక్కేస్తే మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు అని తేలింది. అంటే దాదాపు సమానం. ఆ బ్యాక్టీరియా అన్నీ కలిపి తూకం వేస్తే 200 గ్రాములు, పావుకిలో కూడా లేదు. వాటిలో చాలా భాగం పెద్దపేగులోనే కాపురం.

అక్కడ ఏం చేస్తాయి? మనం అరిగించుకోలేని పీచును అవి తిని, బ్యూటిరేట్ లాంటి చిన్న చిన్న ఆమ్లాలు తయారు చేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలో ఉండే కణాలకు ఆ బ్యూటిరేటే ముఖ్యమైన తిండి. ఇంకోటి, బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టుకున్నట్టు ఇవి ముందే చోటు పట్టేసి ఉండటం వల్ల కొత్తగా వచ్చే చెడ్డ క్రిమికి కూర్చునే సీటు దొరకదు.

ఇప్పుడు మన ఊరి సంగతి తీసుకోండి. తిరుపతికి రోజూ వేలమంది వస్తారు, రైలు దిగుతారు, కొండెక్కుతారు, దర్శనం చేసుకుంటారు, రెండోరోజో మూడోరోజో పోతారు. వాళ్ళున్నంతసేపు ఊరు కళకళలాడుతుంది, హోటళ్ళు నడుస్తాయి, కానీ వాళ్ళకు ఇక్కడ రేషన్ కార్డు ఉండదు. మనం మింగే ప్రోబయోటిక్ బ్యాక్టీరియాలు చాలావరకు ఈ యాత్రికుల్లాంటివే. పొట్టలో యాసిడ్ దాటుకుని బతికి బయటపడ్డవి కొన్నిరోజులు పేగులో పని చేసి వెళ్ళిపోతాయి. మీరు మానేస్తే అవీ మాయం. ఈ ముక్క చాలామంది అమ్మేవాళ్ళు చెప్పరు.

ఈ కథంతా మొదలుపెట్టింది మెచ్నికాఫ్ అనే ఆయన. రష్యా సామ్రాజ్యంలో పుట్టి పారిస్‌లో పాశ్చర్ సంస్థలో పనిచేశాడు. 1908లో నోబెల్ వచ్చింది, అది రోగనిరోధక కణాల మీద చేసిన పనికి, పెరుక్కి కాదు. ముసలితనానికి కారణం పెద్దపేగులో కుళ్ళు పుట్టించే క్రిములేనని ఆయనకు గట్టి నమ్మకం. బల్గేరియా పల్లెల్లో జనం పుల్లటి పెరుగు తిని ఎక్కువకాలం బతుకుతున్నారని విని తనూ తాగడం మొదలుపెట్టాడు. ఆ పెరుగులో ఉండే బ్యాక్టీరియాను 1905లో గ్రిగొరోవ్ అనే బల్గేరియా కుర్రాడు జెనీవాలో చదువుకుంటూ కనిపెట్టాడు. తమాషా ఏంటంటే ఆ బ్యాక్టీరియా కూడా మన పేగులో స్థిరపడదని తర్వాత తేలింది. మెచ్నికాఫ్ 71 ఏళ్ళకు పోయాడు. పెరుగు పెద్దగా తోడురాలేదన్నమాట.

నాకు ఇంకా ఇష్టమైన కథ నిస్లే అనే జర్మన్ డాక్టరుది. 1917, మొదటి ప్రపంచయుద్ధం. తోటి సైనికులంతా విరేచనాలతో మంచం పడితే ఒక జర్మన్ సైనికుడికి మాత్రం ఏమీ కాలేదు. వీడి కడుపులో ఏముందో చూద్దామని నిస్లే ఆ సైనికుడి మలం నుంచి ఒక ఈ.కోలైని వేరుచేసి పెంచాడు. ఈ.కోలై అంటే మనకు నీళ్ళు కలుషితమయ్యాయని పేపర్లో వచ్చే పేరు కదా! అదే పేరున్న బ్యాక్టీరియాలో ఒక రకం జబ్బు తెస్తే ఇంకో రకం మందుగా ఈనాటికీ అమ్ముడుపోతోంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అన్నదమ్ములిద్దరి బుద్ధీ ఒకటి కాదు. అందుకే డబ్బా మీద లాక్టోబాసిల్లస్ అని రాసి ఊరుకుంటే చాలదు, ఏ స్ట్రెయినో, అంటే ఆ జాతిలో ఏ ఉపరకమో, పక్కన అంకెలతోనో అక్షరాలతోనో ఉండాలి.

2001లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూర్చుని ప్రోబయోటిక్‌కు ఒక నిర్వచనం రాశాయి. బతికి ఉండాలి, సరిపడా మోతాదులో ఉండాలి, తీసుకున్నవాళ్ళకు మేలు చెయ్యాలి. ఆ కొలతతో చూస్తే మన ఇడ్లీ ఫెయిల్. పిండిని పులియబెట్టింది బ్యాక్టీరియానే, కానీ ఆవిరిలో ఉడికాక అవి బతికుండవు. మజ్జిగ పులుసూ అంతే. ఇడ్లీ సులువుగా అరుగుతుంది, అది వేరే సుగుణం. ఇంటి పెరుగులో బతికున్నవి కోట్లకొద్దీ ఉంటాయి, కానీ ఏ రకాలో మీ తోడును బట్టి, పక్కింటివాళ్ళ తోడును బట్టి మారిపోతుంది, అందుకని నిక్కచ్చిగా ప్రోబయోటిక్ అనలేం. అట్లాగని పెరుగు మానేయకండి బాబూ! పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది, పాలలో ఉండే చక్కెరను, అంటే లాక్టోజును, కొంత ఆ బ్యాక్టీరియానే తినేస్తాయి కాబట్టి. తిరుమలలో గర్భగుడి గడప కులశేఖరపడి దాటి స్వామి దగ్గరికి పోయే నైవేద్యం పెరుగన్నమే అంటారు, లడ్డూకు కూడా ఆ భాగ్యం లేదు.

మరి సాచెట్లు దండగేనా? కాదు. మన పక్కనే ఒడిశా పల్లెల్లో 4,556 మంది పసిబిడ్డల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. పుట్టిన మొదటి రోజుల్లో ఒక వారం పాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను దాని తిండితో కలిపి ఇచ్చారు. సెప్సిస్, అంటే ఒళ్ళంతా ప్రమాదంలో పడేసే ఇన్ఫెక్షన్, మరణాలు కలిపి 9 శాతం ఉన్నది 5.4కు తగ్గింది. అది చిన్న విషయం కాదు. కానీ ఆ స్ట్రెయిన్‌ను ఎంతో వెతికి ఎంచుకున్నారు, షాపులో ఏది దొరికితే అది కాదు. ఇంకోవైపు 2018లో ఇజ్రాయెల్‌లో యాంటీబయోటిక్స్ వాడినవాళ్ళకు ప్రోబయోటిక్స్ ఇచ్చి చూస్తే, ఏమీ ఇవ్వనివాళ్ళకంటే వాళ్ళ సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైంది. యాత్రికులు అన్ని సత్రాలూ పట్టేస్తే ఊరివాళ్ళకు చోటేదీ?

నా సంగతీ చెప్తా. మామూలు జలుబుకు, అంటే వైరస్‌కు, ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ నాకు నేనే వేసుకున్నా. ఏం చదివి ఏం లాభం! జలుబు దాని టైముకు అది పోయింది, కడుపు మాత్రం మూడు వారాలు తిరగబడింది. ఇంట్లో ఎవరూ జాలిపడలేదు.

ఊరివాళ్ళను, అంటే మన సొంత బ్యాక్టీరియాను, మేపడమెట్లా అంటే, మన చిత్తూరు వంటింట్లో ఉన్నదే. రాగిసంగటి, ఉలవలు, అలసందలు, చలికాలంలో అనపగింజల కూర. వండి చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం చిన్నపేగులో అరక్కుండా పెద్దపేగుదాకా పోయి అక్కడివాళ్ళకు అందుతుంది, మా అవ్వ సద్దికూడు నీళ్ళతో సహా ఎందుకు తాగేదో నాకు ఎమ్మెస్సీ అయ్యాక గానీ తెలియలేదు. షుగరున్నవాళ్ళు ఇది విని గిన్నెలకు గిన్నెలు లాగించకండి. క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు, ఐసీయూలో ఉన్నవాళ్ళు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, వీళ్ళకు డాక్టర్ చెప్పకుండా ఏ ప్రోబయోటిక్కూ ఇవ్వొద్దు, బతికున్న క్రిమి రక్తంలోకి పోతే ప్రమాదం. విరేచనాలైన పిల్లలకు ముందు ఓఆర్ఎస్, జింకు, సాచెట్ సంగతి ఆ తర్వాత.

ఇంక ప్రశ్నలు మీవి. వెనకాల మజ్జిగ గ్లాసులు వచ్చినట్టున్నాయి, తాగుతా అడగండి.