గ్రేడిల్ సెట్టింగ్స్ ప్లగిన్ రివ్యూ: రిపోజిటరీలు ఒక్కచోటే రాద్దాం

విజయవాడ నుంచి అందరికీ నమస్కారమండీ. గ్రేడిల్ అంటే మన కోడ్‌ని బిల్డ్ చేసే టూల్, రిపోజిటరీ అంటే ఆ బిల్డ్‌కి కావాల్సిన లైబ్రరీలు దొరికే సర్వర్. రిపోజిటరీల లిస్టు ప్రతి ప్రాజెక్టులోనూ రాయకుండా ఒక్క ప్లగిన్‌లో రాసి, దాన్ని ప్రాజెక్టుల సెట్టింగ్స్ ఫైల్లో పెట్టుకోవడమే ఈరోజు సంగతి. ముందే చెప్పేస్తాను, ఈ వీడియో కోసం ఒక ప్రైవేట్ రిపోజిటరీ సర్వీస్ వాళ్ళు అకౌంట్ ఫ్రీగా ఇచ్చారు. ఏం చెప్పాలన్నది మాత్రం నా ఇష్టం. ప్లగిన్ ఎలా రాయాలో డాక్యుమెంటేషన్‌లో చూసే ఉంటారు కాబట్టి అది వదిలేద్దాం.

బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసులో చిన్న ప్రాజెక్టులు బోలెడు. అన్నింట్లోనూ అవే రిపోజిటరీ లైన్లు: గూగుల్, మావెన్ సెంట్రల్, మా సొంత సర్వర్. 2021 ఫిబ్రవరిలో జేసెంటర్ అనే పబ్లిక్ రిపోజిటరీ మూసేస్తున్నారని తెలిశాక, ఆ ఒక్క లైను కోసం ప్రతి ప్రాజెక్టూ తెరిచి వెతికాం. తర్వాత ఇనిట్ స్క్రిప్ట్ (బిల్డ్ మొదలవ్వకముందే గ్రేడిల్ నడిపే ఫైలు) పెట్టుకున్నాం. అది ఎవరి మెషీన్‌లో ఉంటే వాళ్ళకే పనిచేస్తుంది. రోజూ గుంటూరు నుంచి రైల్లో వచ్చే మా కుర్రాడికి కొత్త ల్యాప్‌టాప్ ఇస్తే, అందులో ఆ స్క్రిప్ట్ లేక పొద్దున్నించీ బిల్డ్ ఫెయిలే. పాపం, తన కోడ్‌లోనే తప్పుందని టెన్షన్ పడిపోయాడు.

సెట్టింగ్స్ ప్లగిన్‌తో ఆ బాధ పోయింది. ఇందులో నాకు ప్రాణం 'ఫెయిల్ ఆన్ ప్రాజెక్ట్ రెపోస్' మోడ్. ఇది చాలామంది పెట్టరు. పెట్టకపోతే డీఫాల్ట్‌గా ప్రాజెక్టుదే పైచేయి. ఎవరో ఒక మాడ్యూల్‌లో (అంటే ప్రాజెక్టులోని ఒక భాగంలో) ఒక్క రిపోజిటరీ రాశారంటే, ఆ మాడ్యూల్‌కి సెట్టింగ్స్‌లో మనం రాసినవేవీ లెక్కలోకి రావు. ఈ మోడ్ పెడితే బిల్డ్ అక్కడే ఆగుతుంది. ఏ రిపోజిటరీ, ఏ బిల్డ్ ఫైల్లో రాశారో ఎర్రర్‌లోనే పేరు పెట్టి చెబుతుంది. ఎంత హాయో! దీనికి తోడు, ఫలానా లైబ్రరీలు ఫలానా రిపోజిటరీ నుంచే తెమ్మనే 'ఎక్స్‌క్లూజివ్ కంటెంట్' కూడా పెట్టండి. మీ కంపెనీ లైబ్రరీలు మీ సర్వర్ నుంచే వస్తాయి, అదే పేరుతో బయట ఎవరైనా దొంగ ప్యాకేజీ పెట్టినా మీ బిల్డ్‌లోకి రాదు.

ఒళ్ళు మండేది ఒకటుంది. ఆ ప్లగిన్ ఎక్కడ దొరుకుతుందో గ్రేడిల్‌కి చెప్పాలి కదా? అందుకని ప్రతి ప్రాజెక్టు సెట్టింగ్స్ ఫైల్లో, మొదటి బ్లాకుగా 'ప్లగిన్ మేనేజ్‌మెంట్' పెట్టి మన సర్వర్ అడ్రస్ రాయక తప్పదు. సర్వర్ మారితే మళ్ళీ అన్నీ తెరవాల్సిందే. పాస్‌వర్డ్ మాత్రం అక్కడ రాయకండి, మీ హోమ్ ఫోల్డర్‌లోని గ్రేడిల్ ప్రాపర్టీస్‌లో పెట్టుకోండి.

అయినా సరే, నేను కళ్ళు మూసుకుని తీసుకోమంటాను. ఒకే ప్రాజెక్టు ఉన్నవాళ్ళకి ప్లగిన్ అక్కర్లేదు, సెట్టింగ్స్ ఫైల్ చాలు. మా కోడ్ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. గ్రేడిల్ 6.8 కంటే పాతది వాడుతుంటే ముందు అప్‌గ్రేడ్ చేయండి, అందులో సెట్టింగ్స్‌లో ఇలా రిపోజిటరీలు రాసే సౌకర్యమే లేదు.